పిల్లకి ఆర్చరీ మీద మొహం మొత్తింది. ఫీల్డ్ షూటింగ్‌కి తీసుకెళ్తే పనిచేస్తుందా?

చలిదేశం నాన్న, మార్చి 9

అందరికీ నమస్కారం. ఈ ఆటల విభాగంలో క్రికెట్ తప్ప ఇంకేమీ కనపడట్లేదు. ఎవరైనా పలుకుతారో లేదో తెలియదు, అయినా అడుగుతున్నా.

మేముండేది ఇంగ్లండ్‌లో. మా అమ్మాయికి పదకొండేళ్ళు. తొమ్మిదో ఏట తనే సరదాపడితే ఊళ్ళో ఉన్న ఆర్చరీ క్లబ్బులో చేర్పించాం. మొదటి ఏడాది గురువారం ఎప్పుడొస్తుందా అని ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు గురువారం వస్తే కడుపునొప్పి వస్తోంది.

చలికాలమంతా ఇక్కడ ఒక బడి హాల్లో ఆడిస్తారు. పోర్ట్స్‌మత్ రౌండ్ అంటారు: 20 గజాల దూరం, 60 సెంటీమీటర్ల టార్గెట్, 60 బాణాలు. మూడు వేయడం, వెళ్ళి పీక్కుని రావడం, మళ్ళీ మూడు. అక్టోబరు నుంచి మార్చి దాకా అదే గోడ, అవే ట్యూబ్‌లైట్లు. డిసెంబరులో 600కి 412 చేసింది. అప్పట్నుంచి 390 దగ్గరే కొట్టుకుంటోంది. కార్లో వెళ్తున్నప్పుడు "నాన్నా, ఈ ఒక్క వారం మానేద్దామా" అని ఎంత మెల్లగా అడుగుతుందంటే, కోప్పడదామన్నా నోరు రాదు.

క్లబ్బులో ఒక పెద్దాయన, అడవిలో ఫీల్డ్ షూట్‌కి తీసుకురమ్మంటున్నాడు. గుట్టలెక్కి దిగుతూ 24 చోట్ల టార్గెట్లు కొట్టాలట. అడవిలో పిల్లలు, బాణాలు అంటే నాకు టెన్షన్. పైగా ఇన్నాళ్ళు నేర్చుకున్న పద్ధతి పాడవుతుందేమో. మా ఆవిడైతే "ఇష్టం లేనిదాన్ని ఈడ్చుకెళ్ళడం దేనికి, మాన్పించి వయొలిన్‌లో చేర్పించండి" అంటోంది. మావాడొకడున్నాడు, ఎనిమిదేళ్ళు. వాడి చేతికి ఇంకా విల్లు ఇవ్వలేదు.

చేయించినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.


పది వేల సరస్సులు, మార్చి 9

అన్నా, మీ అమ్మాయి కడుపునొప్పి మావాడికీ వచ్చి తగ్గింది. మాది మిన్నెసోటా. ఇక్కడ చాలా బడుల్లో పీటీ క్లాసులోనే ఆర్చరీ నేర్పుతారు. 2002లో కెంటకీలో మొదలైన కార్యక్రమం. పిల్లలందరికీ ఒకటే రకం జెనెసిస్ విల్లు, 10 మీటర్లు, 15 మీటర్లు, 80 సెంటీమీటర్ల టార్గెట్. అంతా ఈలల మీద నడుస్తుంది. రెండు ఈలలేస్తే విల్లు తీసుకుని గీత దగ్గరికి రావాలి, ఒక ఈలకి బాణం వేయాలి, మూడు ఈలలకి వెళ్ళి తెచ్చుకోవాలి. ఐదూ అంతకుమించీ వినపడితే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. మావాడు ఇంట్లో చెల్లెలు తన గదిలోకి వస్తే చాలు ఐదు ఈలలు వేసేవాడు.

రెండో ఏడాదికి ఆ ఉత్సాహం పోయింది. అప్పుడు ఊరి బయట ఫీల్డ్ రేంజ్‌కి తీసుకెళ్ళాం. మొదటిసారి చేసిన తప్పు మీరు చేయకండి. ఇక్కడి ఫీల్డ్ రౌండు 28 టార్గెట్లు, ఒక్కోదానికి నాలుగు బాణాలు. డబ్బు కట్టాం కదా అని 28కీ తిప్పాం. జులై నెల, దోమల్ని వెటకారంగా మా రాష్ట్ర పక్షి అంటారిక్కడ. పదిహేడో టార్గెట్ దగ్గర వాడు చెట్టు మొద్దు మీద కూలబడి, విల్లు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేశాడు. నిజానికి ఆ రౌండుని పద్నాలుగూ పద్నాలుగూ చేసి రెండు సగాలుగానే పెట్టారు. సగం ఆడి ఇంటికెళ్ళొచ్చని మాకు తట్టలేదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు పద్నాలుగే. అందులో బన్నీ అని ఒకటుంటుంది, జానెడు టార్గెట్. 35 అడుగుల నుంచి ఒక బాణం, 30 నుంచి ఒకటి, 25, 20. అడుగడుగూ దగ్గరికి జరుగుతూ నాలుగు బాణాలు. మావాడు పిల్లిలా వంగి వంగి నడిచి, నాలుగోది వేసేటప్పుడు ఊపిరి బిగబట్టి, తగలగానే "అది నన్ను చూడలేదమ్మా" అన్నాడు. కాగితం మీద గుండ్రటి బొమ్మ అది!

పన్నెండేళ్ళలోపు వాళ్ళకి ఆ రౌండులో 30 గజాలు దాటి ఉండదు. కాబట్టి దూరాల గురించి బెంగ అక్కర్లేదు.


బెజవాడ కోచ్, మార్చి 10

నేను ఒప్పుకోను. పదిహేనేళ్ళుగా పిల్లలకి నేర్పుతున్నాను.

పదకొండేళ్ళ పిల్లకి కావలసింది సమానమైన నేల, ఒకటే దూరం, ఒకటే యాంకర్. గడ్డం కింద చెయ్యి రోజూ అదే చోట ఆనాలి. అది ఎముకలో ఇంకాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ వయసులో ఒక కాలు రాయి మీద, ఒక కాలు గుంటలో పెట్టి కిందికి వంగి వేయమంటే భుజం పైకి లేస్తుంది, మోచెయ్యి పడిపోతుంది. మళ్ళీ దాన్ని సరిచేయడానికి నాకు ఆరు నెలలు.

మా ఊరి నుంచి వెళ్ళిన జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. ధీరజ్ పారిస్ ఒలింపిక్స్‌లో ఆడాడు. ఆవిడ 50 మీటర్ల కాంపౌండ్ (కప్పీలున్న విల్లు), అతను 70 మీటర్ల రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు). ఒకటే దూరం మీద లెక్కలేనన్ని బాణాలు వేస్తేనే అక్కడికి వెళ్తారు. మొహం మొత్తడం కూడా ట్రైనింగులో భాగమే.

ఇంకో మాట. ఇక్కడి తల్లిదండ్రులు అడిగేది ఒక్కటే: "సర్టిఫికెట్ వస్తుందా సార్?" స్పోర్ట్స్ కోటా సీటుకి పనికొచ్చేది టార్గెట్ ఆర్చరీ. అడవిలో తిరిగితే ఏమొస్తుంది?


ఉండేలు, మార్చి 10

ఏమొస్తుందంటే చింతకాయలొస్తాయి మాస్టారూ.

నేను ఖమ్మం జిల్లా పల్లెటూళ్ళో పెరిగాను. నాకు విల్లు తెలియదు, ఉండేలు తెలుసు. మా అమ్మమ్మగారి వైపు దాన్నే గులేరు అనేవాళ్ళు. ఏ కోచూ లేడు. పొద్దున చింతకాయ, మధ్యాహ్నం కరెంటు స్తంభం మీది పింగాణీ గిన్నె (ఆ దెబ్బలు ఇంకా గుర్తు), సాయంత్రం చెరువులో తేలే కుండపెంకు. ఏనాడూ బోర్ కొట్టలేదు. ఎందుకంటే ఏనాడూ ఒకే దాన్ని రెండుసార్లు కొట్టలేదు. ఆ గోడకి 60 రాళ్ళు వేయమని ఎవరైనా అంటే వారంలో ఉండేలు పొయ్యిలో పడేసేవాణ్ణి.


లాంగ్‌బో బాబాయ్, మార్చి 10

యార్క్‌షైర్ నుంచి. పన్నెండేళ్ళుగా ఫీల్డ్ ఆడుతున్నాను. చలిదేశం నాన్నగారూ, మీ క్లబ్బు పెద్దాయన మాట వినండి.

ముందు ఆట ఏమిటో చెప్తాను. టార్గెట్లు నాలుగు సైజులు: 20, 40, 60, 80 సెంటీమీటర్లు. నల్లటి వలయాలు, మధ్యలో పసుపు. నలుపులో ఒకటి నుంచి నాలుగు, పసుపులో ఐదు, నట్టనడుమ ఆరు. 24 టార్గెట్లు, మూడేసి బాణాలు, మొత్తం 72 బాణాలకి 432. ఒక్కో టార్గెట్‌కి ముందు నేలలో రంగు పెగ్‌లు పాతి ఉంటాయి. (ఆ పెగ్ కాదు. అది ఆట అయ్యాక.) పెద్దవాళ్ళలో రికర్వ్, కాంపౌండ్ వాళ్ళకి ఎర్రది, గురి చూసే పరికరాలు లేని బేర్‌బోకి నీలం, పిల్లలకి ఇంకా దగ్గర. ఎర్ర పెగ్ నుంచి కూడా ఎంత దూరమైనా 60 మీటర్లే. కొన్నింటికి దూరం రాసి పెడతారు, కొన్నింటికి రాయరు. రాయనిచోట కొలిచే పరికరాలు వాడకూడదు, కంటితో అంచనా వేసుకోవాలి.

పిల్లల్ని పట్టుకునేది ఆ రాయని టార్గెట్లే. హాల్లో మీ అమ్మాయి బాణం పక్కకి పోతే అది తన తప్పు, అంతే. అడవిలో పోతే దానికో కథ ఉంటుంది: "పద్దెనిమిది అనుకున్నా, మధ్యలో గుంట ఉంది చూడలేదు." తప్పు తన చేతి మీద నుంచి నేల మీదికి మారుతుంది. పదకొండేళ్ళ పిల్లకి అది ఎంత ఊరటో పెద్దవాళ్ళకి తెలియదు.

దూరం అంచనాకి మన పిల్లలకి ఒక సుళువు ఉంది. క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 20 మీటర్ల పైన ఓ పిసరు. టార్గెట్ దాకా ఒక పిచ్ పరిచి చూసుకోమనండి. పిచ్‌కి మించితే, మధ్యలో ఒక చెట్టుని గుర్తు పెట్టుకుని అక్కడికి ఎంత, అక్కడి నుంచి ఎంత అని రెండు ముక్కలు చేయమనండి.

బెజవాడ మాస్టారికి ఒక్క మాట: అమెరికా బ్రేడీ ఎల్లిసన్ 2016లో రియో ఒలింపిక్స్‌లో వ్యక్తిగత కాంస్యం గెలిచాడు. అదే ఏడాది డబ్లిన్‌లో ప్రపంచ ఫీల్డ్ టైటిల్ కూడా గెలిచాడు. గుట్టలెక్కితే అతని భుజం పాడవలేదు మరి.


బెజవాడ కోచ్, మార్చి 11

ఎల్లిసన్ పద్ధతి కుదిరాక గుట్టలెక్కాడు బాబాయ్. పదకొండేళ్ళ పిల్లతో పోలికా?

సరే, అది అలా ఉంచండి. చలిదేశం నాన్నగారూ, నేను నిన్న అడగాల్సింది ఇది. పాపది ఎన్ని పౌండ్ల విల్లు? లింబ్ (విల్లుకి పైనా కిందా వంగే బద్ద) మీద రాసింది కాదు, తను లాగినప్పుడు వేళ్ళ మీద పడేది ఎంత?


చలిదేశం నాన్న, మార్చి 12

విల్లు తూచే త్రాసు నా దగ్గర లేదు. ఇండియా వచ్చేటప్పుడు సూట్‌కేసులు తూచే త్రాసు ఉంది, దాన్ని అల్లెతాడుకి తగిలించి, తను లాగేంత వరకు లాగి చూశాను. పది కేజీలు చూపించింది. అంటే 22 పౌండ్లు.

ముందు ఉన్న లింబ్స్ 16 పౌండ్లవని గుర్తు. ఎండాకాలం బయట పెద్ద దూరాలు ఆడాలి కదా, ఇప్పట్నుంచే అలవాటవుతుందని క్లబ్బులో చెబితే జనవరిలో మార్చాం.


బెజవాడ కోచ్, మార్చి 12

డిసెంబరులో 412. జనవరిలో లింబ్స్ మార్చారు. అప్పట్నుంచి 390. లెక్క మీరే రాసి నన్ను అడుగుతున్నారు.

పిల్లలకి పెంచితే రెండు పౌండ్లు పెంచాలి, కొన్ని నెలలు ఆగాలి. మీరు ఒక్కసారే ఆరు పెంచారు. పాపని గురి పెట్టకుండా ఊరికే లాగి పట్టుకోమనండి. వణకకుండా ఏడెనిమిది సెకన్లు ఉండలేకపోతే ఆ విల్లు తనది కాదు. 60 బాణాలంటే 60 సార్లు పది కేజీలు. మొహం మొత్తడం కాదండీ, నొప్పి. ఆ వయసు పిల్లలు నొప్పి అని చెప్పరు, బోర్ అంటారు.

పాత లింబ్స్ ఉంటే రేపే మార్చండి. ఆ తర్వాత అడవి సంగతి చూద్దాం.


పది వేల సరస్సులు, మార్చి 12

మాస్టారూ, ఇది చదివి నేను కూడా లేచి వెళ్ళి మావాడి విల్లు తూచాను. బతికిపోయాను, 15.


ఒంగోలు అమ్మమ్మ, మార్చి 14

మా మనవరాలు డల్లాస్‌లో ఇదే నేర్చుకుంటోంది, అందుకని చదువుతున్నాను. నాకో అనుమానం. అడవి ఆటలో జింక బొమ్మలు, పంది బొమ్మలు పెట్టి కొట్టిస్తారని మా అల్లుడు వీడియో చూపించాడు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా తినరు. చిన్నపిల్ల చేత జింక గుండెకి గురిపెట్టించడం ఏమిటి నాయనా? అలవాటు చేయడమే కదా?

చిన్నప్పుడు మేమూ విల్లు పట్టాం. దసరాకి పంతులుగారు ముందు నడుస్తుంటే రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు పట్టుకుని, పద్యాలు పాడుతూ ఇంటింటికీ తిరిగేవాళ్ళం. పప్పుబెల్లాలు పెట్టేవాళ్ళు. మా బాణాల్లోంచి పువ్వులు రాలేవి, ఎవరికీ తగిలేవి కావు. మా అన్నయ్య మాత్రం మునసబుగారి భార్య ముక్కు మీద గురిచూసి వేశాడు. ఆ ఇంట్లో మాకు బెల్లం ముక్క కూడా దొరకలేదు.


లాంగ్‌బో బాబాయ్, మార్చి 14

అమ్మమ్మగారూ, మీ అల్లుడు చూపించింది 3డీ అనే వేరే ఆట. నురుగు రబ్బరుతో చేసిన జంతువుల బొమ్మలుంటాయి. నేను చెప్పిన ఫీల్డ్ రౌండులో గుండ్రటి కాగితాలే, జంతువు ఊసు లేదు. ఇష్టం లేనివాళ్ళు హాయిగా ఇదే ఆడుకోవచ్చు. ఇంగ్లండ్‌లో అయితే విల్లుతో వేటాడటమే నేరం, కాబట్టి ఇక్కడి 3డీ వాళ్ళకి కూడా ఆ బొమ్మని దాటి వేరే ఉద్దేశం ఉండదు. మా గ్రూపులో ఒక శాకాహారి అమ్మాయి ఉంది. రబ్బరు మొసలిని తప్ప దేన్నీ కొట్టదు. మొసలి మీద జాలి లేదట.

మీ దసరా తిరుగుడు చదివి నవ్వుకున్నాను. ఇల్లిల్లూ ఆగడం, ప్రతి చోటా ఏదో దొరకడం, మళ్ళీ నడక. మా ఆట కూడా అదే, పప్పుబెల్లాలు తక్కువ.


నూజివీడు తోట, మార్చి 15

కోచ్ గారికి, బాబాయికి నమస్కారం. నేను రిటైరైన పీఈటీని. రెండేళ్ళుగా ఆదివారాలు మా తమ్ముడి మామిడితోటలో ఊరి పిల్లలకి ఇలాంటిదే నడుపుతున్నాను. దానికి ఫీల్డ్ అని పేరుందని ఇప్పుడే తెలిసింది. మేం తోటాట అంటాం.

ఖర్చు పెద్దగా లేదు. గోనెసంచుల్లో పాతబట్టలు, చిరిగిన దుప్పట్లు కూరి, కర్రతో బాదిబాది గట్టిపరిచి మూతి కుట్టేస్తాం. వరిగడ్డి మోపులు మొదట్లో వాడాం కానీ, తాడు ఎంత బిగించినా రెండు వారాలకి వదులై బాణం అవతలికి పోతుంది. ఎనిమిది చోట్ల ఎనిమిది రకాలు. ఒకచోట బెలూన్లు, ఒకచోట సంచికి గుచ్చిన పేకముక్కలు, ఇంకోచోట రెండు చెట్ల సందు నుంచి వేయాలి. ఆఖరిది చెరువుగట్టు మీద నిలబడి కిందికి. పేకముక్కల దగ్గర ఆసు కొట్టినవాడికి తేగ ఇస్తాం, సీజను కాకపోతే జంతిక.

ఇక తప్పు చెప్పాలి. మొదటి ఏడాది ఐదో టార్గెట్‌ని దారికి అడ్డంగా పెట్టాను. వెనక మొత్తం చెట్లే కదా అనుకున్నాను. ఒక ఆదివారం ఆరో తరగతి పిల్లాడు లాగి పట్టుకుని ఉన్నాడు. నేను వాడి మోచేతికేసి చూస్తున్నాను. సంచి వెనక ఆకుల్లో ఏదో తెల్లగా కదిలింది. కాపలా తాత తలగుడ్డ. చెంబు పట్టుకుని నిదానంగా వస్తున్నాడు. "దించు" అన్నాను. అరవలేదు, అరిస్తే వదిలేస్తాడని భయం. పిల్లాడు మెల్లగా దించాడు. తాత మా దగ్గరికొచ్చి "ఏం సారూ, అట్టా తెల్లబోయారు" అన్నాడు. ఆ రోజు ఆట అక్కడితో ఆపేశాను. మర్నాడు పొద్దున్నే ఎనిమిదింటినీ పీకి, అన్నీ గట్టువైపు తిప్పి పాతాను. ఇప్పుడు ప్రతి సంచి వెనకా మట్టి ఉంటుంది. ఏ దారీ ఏ టార్గెట్ వెనక నుంచీ పోదు. ఒక గుంపు బాణాలు తెచ్చుకుని పక్కకి వచ్చాకే ఇంకో గుంపు కదులుతుంది. పెద్దవాళ్ళలో ఒకరు పిల్లాణ్ణి కాకుండా టార్గెట్ వెనక్కే చూస్తూ నిలబడాలి. ఇది మాత్రం ఎవరు అడిగినా చెప్తాను.


బెజవాడ కోచ్, మార్చి 15

సార్, "దించు" అని మెల్లగా అన్నారు చూశారా, అది వందలో ఒకరికి రాదు.

మీ పిల్లల్లో పద్ధతి పాడవలేదా? నిజం చెప్పండి.


నూజివీడు తోట, మార్చి 16

నిజం చెప్పాలంటే, వాళ్ళకి పాడవడానికి ముందు పద్ధతంటూ ఉండాలి కదండీ. గట్టు మీద నుంచి కిందికి వేసేటప్పుడు మాత్రం అందరూ చెయ్యి దించి వేస్తారు, బాణం తలమీంచి పోతుంది.


బెజవాడ కోచ్, మార్చి 16

చెయ్యి దించకూడదు. ముందు సమానంగా ఉన్నట్టే నిలబడి, నిటారుగా పూర్తిగా లాగించండి. చేతులు, భుజాలు అలాగే ఉంచి, నడుము దగ్గర వంగమనండి. నమస్కారం పెట్టినట్టు నడుము వంగాలి, పైభాగం బిగిసి ఉండాలి. పైకి వేసేటప్పుడూ అంతే, నడుము దగ్గరే వెనక్కి.

ఇంకోటి, వాలు మీద దూరం తగ్గించి లెక్కేయాలి. 30 డిగ్రీల వాలులో 20 మీటర్లుంటే 17 కింద లెక్క. పైకైనా కిందికైనా తగ్గింపే. తలమీంచి పోవడానికి అది కూడా ఒక కారణం. అయితే మీ గట్టు అంత ఏటవాలు ఉండదనుకుంటాను, చెయ్యి సంగతి చూసుకోండి చాలు.

ఇదంతా రాస్తున్నానని నేను ఒప్పేసుకున్నట్టు కాదు.


లాంగ్‌బో బాబాయ్, మార్చి 16

:) 

చలిదేశం నాన్నగారూ, వెళ్ళే ముందు కొన్ని చిల్లర సంగతులు. కార్బన్ బాణాలు ఇంట్లో ఉంచి, చవక అల్యూమినియంవి తీసుకెళ్ళండి. రాయికి తగిలితే వంకర కంటికి కనపడుతుంది, ఆకుల్లో పోతే మెటల్ డిటెక్టర్ పట్టేస్తుంది. కార్బన్ లోపల చిట్లినా పైకి తెలియదు. దాన్నే మళ్ళీ ఎక్కుబెట్టి వదిలితే విరిగి చేతిలో దిగుతుంది. ప్రతిసారీ వంచి చూడాలి, పిల్లలు చూడరు. నాక్‌లు (బాణం తోకకి అల్లెతాడు పట్టే గాడి ముక్కలు), ఈకలు గులాబీ రంగువో నారింజవో వేయించండి. పచ్చవి అసలొద్దు.

బాణం పీకేటప్పుడు ఒక చెయ్యి టార్గెట్‌కి ఆనించి, ఇంకో చేత్తో మొదలు దగ్గర పట్టుకుని నేరుగా లాగాలి, వెనకాల ఎవరూ ఉండకూడదు. నాక్ కంట్లో పొడుచుకునే ప్రమాదం బాణం వేసేటప్పటికంటే పీకేటప్పుడే ఎక్కువ.

ప్యాంటుని సాక్సుల్లోకి దోపండి, టిక్ పురుగులుంటాయి. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చెవుల వెనక, జుట్టు కుదుళ్ళలో వెతకండి. కరిచి పట్టుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నేరుగా లాగేయాలి. లైమ్ జబ్బు తెచ్చేది అవే.

ఆఖరిది, ముఖ్యమైనది. స్కోరు కార్డు మీరు పట్టుకోకండి.


చలిదేశం నాన్న, మే 4

రెండు నెలలు మాయమైనందుకు సారీ. మాస్టారు చెప్పినట్టు మర్నాడే పాత 16 పౌండ్ల లింబ్స్ పెట్టించాను. క్లబ్బులో ఒకాయన మొహం ముడుచుకున్నాడు, పట్టించుకోలేదు. నిన్న ఆదివారం ఫీల్డ్ షూట్‌కి వెళ్ళొచ్చాం.

ముందు చెడ్డవార్తలు. మూడు బాణాలు పోయాయి, డిటెక్టర్‌తో ఒకటి దొరికింది. మావాణ్ణి కూడా తీసుకెళ్ళాం, రెండో టార్గెట్ దగ్గరే దురదగొండి లాంటి మొక్క (ఇక్కడ నెటిల్ అంటారు) కాళ్ళకి రాసుకుని, అడవి మొత్తాన్ని అసహ్యించుకున్నాడు. ఇంక రాడట. వాళ్ళమ్మ వాణ్ణి తీసుకుని కార్లో కూర్చుంది. మిన్నెసోటా అక్క మాట విని, పన్నెండు టార్గెట్లకే ఆపాం.

ఇప్పుడు అసలు సంగతి. తొమ్మిదో టార్గెట్, కింద లోయలాంటి చోట, దూరం రాయలేదు. గ్రూపులో నేను, అమ్మాయి, ఇద్దరు ముసలాళ్ళు. నేను 25 అన్నాను. ఒకాయన 22 అన్నాడు. ఇది ఏమీ అనలేదు. చెట్టు మొదట్లో కూర్చుని, ఒక కన్ను మూసి, వేలితో గాల్లో ఏదో పరిచింది. "ఒక పిచ్, బౌలర్ రనప్ లేదు" అంది. అంటే 20కి కాస్త తక్కువట. తీరా అయ్యాక ఆయన బెల్టుకున్న పరికరంతో చూస్తే 19. రెండు బాణాలు పసుపులో. మూడోది ఎక్కడికో పోయింది, ఆ పోయినవాటిలో అదొకటి.

ఆ తర్వాత నన్ను వెనక్కి నిలబడమంది. "నాన్నా, నువ్వు ఊపిరి గట్టిగా పీలుస్తున్నావు, నాకు వినపడుతోంది." మిగిలిన మూడు టార్గెట్లూ ఆ ముసలాళ్ళతో నడిచింది. నేను ఇరవై అడుగుల వెనక మంచినీళ్ళ సీసా మోసుకుంటూ. ఏం మాట్లాడుకున్నారో తెలియదు, ముగ్గురూ ఒకటే నవ్వు.

స్కోరెంతని అడిగితే "ఆయన దగ్గరుంది" అంది. నేనూ అడగలేదు ఇంక.


బెజవాడ కోచ్, మే 4

బాగుంది. హాల్లో ఎంత చేస్తోంది ఇప్పుడు?


చలిదేశం నాన్న, మే 4

హాలు మార్చిలోనే మూసేశారు మాస్టారూ. చివరి గురువారం 402. డిసెంబరు నాటి 412 ఇంకా రాలేదు. కడుపునొప్పి మాత్రం లింబ్స్ మార్చిన రెండో వారం నుంచే లేదు.


బెజవాడ కోచ్, మే 5

అదీ సంగతి. రెండో వారం నుంచి అంటే అడవికి వెళ్ళకముందే. రెండు మందులు వేసి ఏది పనిచేసిందని నన్ను అడక్కండి, నేను నాదే అంటాను. బాబాయ్ తనదే అంటాడు.


లాంగ్‌బో బాబాయ్, మే 5

అంటాను. లింబ్స్ మారిస్తే నొప్పి పోయింది, ఒప్పుకుంటాను. మూసిన కంటితో గాల్లో పిచ్ పరిచింది మాత్రం లింబ్స్ కాదు.


బెజవాడ కోచ్, మే 6

సరే సరే.

నూజివీడు సార్, మీకో ప్రైవేటు మెసేజ్ పెట్టాను, చూడలేదనుకుంటాను. నా దగ్గర పదేళ్ళలోపు పిల్లలు తొమ్మిదిమంది ఉన్నారు. సెలవుల్లో నలుగురు రావడం మానేశారు. ఇద్దరి విల్లు తూచాను, సరిగ్గానే ఉంది. మరి నొప్పి కాదు. ఒక ఆదివారం మీ తోటకి తీసుకొస్తే ఇబ్బందా? బాణాలు మావే తెచ్చుకుంటాం. టార్గెట్లు ఎలా తిప్పి పెట్టారో కూడా చూడాలి.


నూజివీడు తోట, మే 6

భలేవారే, ఇబ్బందేముంది సార్. కానీ ఇప్పుడొద్దు, కాయ కోతలో ఉన్నాం. కాపంతా దిగిపోయాక, జూన్ దాటాక రండి. చెట్టు నిండా కాయలుండగా తొమ్మిదిమంది పిల్లల్ని బాణాలతో దింపారంటే మా కాపలా తాత ఈసారి చెంబుతో రాడు, కర్రతో వస్తాడు.